హాబ్సన్‌విల్‌లో తాలింపు సర్వే

ముక్కును నమ్మి ఇల్లు కొన్న మనిషి ఎంత ఘనంగా బోల్తా పడుతుందో ఇప్పుడు చెబుతాను. ఆ మనిషిని నేనే. అప్పటికి చిన్నదాన్ని, అరవై రెండేళ్ళు.

ఆక్లండ్‌లో పదకొండేళ్ళు అద్దె ఇళ్ళలో గడిపాక, ఆ ఊరి శివారు హాబ్సన్‌విల్‌లో ఒక ఇల్లు నాకూ మావారికీ నచ్చింది. మెట్లు లేవు. వంటగదిలోకి పొద్దుటి ఎండ వస్తుంది. నాది ఒక్కటే షరతు: వీధిలో కనీసం ఒక్క తెలుగు ఇల్లయినా ఉండాలి. మావారు రోజుకు నలభై మాటలు మాట్లాడతారు. అందులో ముప్ఫై క్రికెట్ గురించి. మిగిలిన పదితో ఒక ఆడమనిషి ఎలా బతకాలో మీరే చెప్పండి.

ఇల్లు చూపించిన ఏజెంటు జెన్నీని అడిగాను. "ఈ వీధిలో మావాళ్ళు ఎంతమంది ఉన్నారు?"

"అది నేను చెప్పకూడదు. ఇళ్ళ విషయంలో జాతి, మతం చూడటం చట్టం ఒప్పుకోదు. కప్పు, తేమ, బస్సు, బడి... ఇంకేదైనా అడగండి."

"నేను ఎవర్నీ వద్దనడం లేదమ్మా. కావాలంటున్నాను!"

"రెండూ ఒకటే ప్రశ్న కదా," అని నవ్వింది.

"ఆవిడ చెప్పింది సబబే," అన్నారు మావారు. ఆ రోజు కోటాలో మూడు మాటలు అలా వృథా అయ్యాయి.

జెన్నీ చెప్పకపోతే నాకు కళ్ళు లేవా? శనివారం పదకొండింటికి, సరిగ్గా తాలింపుల వేళకు, నోటుబుక్కు పట్టుకుని బయల్దేరాను. మేం కొనబోయేది పోగా పదమూడు ఇళ్ళు. ఎనిమిది గుమ్మాల ముందు చెప్పుల గుట్టలు కనిపించాయి. ఎనిమిదీ మనవే అని మురిసిపోయాను. ఈ దేశంలో చాలామంది చెప్పులు బయటే విప్పుతారని గుర్తొచ్చి, ఎనిమిదీ కొట్టేశాను. ఒకచోట తులసి కనబడింది. కంచె మీదికి వంగి చూస్తే పుదీనా.

తొమ్మిదో ఇంటి దగ్గర గుప్పుమంది ఇంగువ! కిటికీ పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, ప్రాణాయామం చేసేదానిలా పీలుస్తున్నాను. కిటికీ తెరుచుకుంది.

"ఏమైనా పోగొట్టుకున్నారా?"

ఆరడుగుల తెల్ల పెద్దాయన, చేతిలో గరిటె. పేరు గ్రేమ్ అట.

"మీ ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు?" అన్నాను, పోలీసులా.

"నేనే. పప్పు."

"పప్పా! ఎవరు నేర్పారు?"

"మా వీధిలోనే ఉండే శిరీష. ఆంధ్రా అమ్మాయి. చాలా మంచిది. మాటలు మాత్రం ఆగవు."

మాటలు ఆగవట! ఇంకేం కావాలి? థాంక్స్ కూడా చెప్పకుండా ఇంటికి పరుగెత్తాను.

"ఏ నంబరు ఇల్లు?" అని మావారు అడిగారు.

"ఏదైతేనేం? ముందు ఆఫర్ రాయండి. సోమవారం నాలుగింటికి ఆఖరు."

పాల సీసా మీద తేదీ రెండుసార్లు చదివేదాన్ని, ఆ ఒక్క అంకె అడగలేదు చూడండి. కాగితాల్లో అమ్మేవాళ్ళ పేరుకు బదులు ఏదో ఫ్యామిలీ ట్రస్టు పేరుంది. సంతకాలు పెట్టాం. ఇల్లు మాదైంది.

తాళాలు ఇచ్చే ముందు ఇల్లు ఆఖరుసారి చూసుకోనిస్తారు. వెళ్ళాం. తలుపు తీసింది ఒక అమ్మాయి, చేతిలో టేపు చుట్ట, వెనక అట్టపెట్టెలు.

"అయ్యో, రండి ఆంటీ! కొన్నది మీరేనా? మనవాళ్ళని తెలిస్తే దేవుడి గూడు అలాగే ఉంచేదాన్ని. కొనేవాళ్ళు చూడ్డానికొచ్చే ఓపెన్ హోమ్ కోసం దేవుళ్ళందర్నీ కారు డిక్కీలో పెట్టాం ఆంటీ, ఏజెంట్లు గూట్లో ల్యాప్‌టాప్ పెట్టించారు. ఇంగువ వాసన రాకూడదని వారం రోజులు బ్రెడ్డే తిన్నాం. వెల్లింగ్టన్‌లో జాబ్ వచ్చింది, గురువారం షిఫ్ట్ అయిపోతున్నాం..."

"నీ పేరేంటమ్మా?" అన్నాను.

"శిరీష, ఆంటీ."

"వీధిలో ఇంకెవరైనా తెలుగువాళ్ళు..."

"లేరు ఆంటీ, మేమొక్కళ్ళమే. ఇకనించి మీరే!"

మావారు గోడకేసి తిరిగి నిలబడ్డారు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. వీధిలో ఉన్న ఒకే ఒక్క తెలుగు మనిషి ఇంటికి ఆఫర్ పెట్టి, పోటీపడి మరీ నేనే ఖాళీ చేయించానన్నమాట. ఆ రోజు శిరీష గంటా యాభై నిమిషాలు ఆగకుండా మాట్లాడింది. అంత హాయి మళ్ళీ ఎరగను.

ఇప్పుడు నాతో రోజూ మాట్లాడేది గ్రేమే. వీధిలో పెద్దావిడను ఎలా పిలవాలో శిరీష వెళ్తూ వెళ్తూ నేర్పిపోయింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి కంచె అవతల నిలబడి "ఆంటీ, ఉప్పు చూస్తారా?" అంటాడు. నేనూ పలుకుతాను. పలక్కపోతే మిగిలేది మావారి పది మాటలే.

కాబట్టి అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఏ వీధిలోనైనా కప్పు చూస్తాను, తేమ చూస్తాను, బస్సు చూస్తాను. పక్కవాళ్ళ కిటికీ దగ్గర మాత్రం, ఎంత మంచి తాలింపు పడినా సరే, ఊపిరి బిగబట్టే నడుస్తాను.