హ్రూబెక్ గారి ప్రదక్షిణలు

హ్రూబెక్ గారు ఏ పని మీద ఇల్లు కదిలినా ముందు త్రిత్వ స్తంభానికి ప్రదక్షిణ చేయవలసిందే. రొట్టె కొనడానికైనా సరే, పన్ను పీకించుకోవడానికైనా సరే. ప్లేగు విడిచిపోయినందుకు పూర్వులు మొక్కు తీర్చుకుంటూ కట్టిన ఆ స్తంభం మొరావియాలోని మా ఊరికి నడిబొడ్డు. దాని మొదలు ఎంత లావంటే, లోపల చిన్న ప్రార్థనా మందిరమే ఉంది. ఇటు నిలబడినవారికి అటు నిలబడినవారు కనిపించరు. పైగా దాని చుట్టూ పునీతుల విగ్రహాలు; ఏ వీధివారికి ఆ వీధికి ఎదురుగా ఉన్న పునీతుడే స్తంభానికి ముఖం; మిగిలినదంతా వీపు. ఈ విషయంలో ఊరు ఎన్నడూ ఏకాభిప్రాయానికి రాలేదు.

తన టోపీల దుకాణం మూసేసిన నాటినుంచి ఆయనకు ఇదే ఉద్యోగం. ప్రతి పునీతుడి ముందూ టోపీ ఎత్తేవారు. ఎందుకీ తిరుగుడని అడిగితే మనిషికొక కారణం చెప్పేవారు.

"మొక్కు, ఫాదర్."

"అరుగుదల కోసం, డాక్టరు గారూ."

ఒకసారి పోలీసు ఆపాడు. "ఏమిటి పెద్దాయనా, ఈ చక్కర్లు?"

"భూమి కూడా తిరుగుతోంది, కామ్రేడ్. ముందు దాన్ని ఆపండి, వెంటనే నేనూ ఆగుతా."

అంతటితో పోనిచ్చినా బాగుండేది. స్తంభం కింద ఎవరైనా ఎదురుచూస్తూ నిలబడితే ఆయన ప్రాణం ఒప్పుకునేది కాదు.

"ఎవరి కోసమమ్మా?"

"మీకెందుకు తాతగారూ?"

"ఇక్కడి పావురాలకు కడుపు బాగాలేదు. సెబాస్టియన్ విగ్రహం వైపు నిలబడు."

ఆ పిల్ల సణుక్కుంటూ కదిలేది. ఎదుటి మందుల షాపులో పనిచేసే రాద్మిలా ఇదంతా కిటికీలోంచి చూసి, "స్తంభాన్ని ఈయన పేర రాసిచ్చినట్టున్నారు" అని నవ్వుకునేది.

రాద్మిలాకూ ఆమె చెల్లెలు వ్లాస్తాకూ తల్లి అంత్యక్రియల భోజనం దగ్గర మాటామాటా వచ్చింది. చెల్లెలు అత్తవారి ఊరికి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళు పలకరింపులు లేవు. ఆ శరదృతువులో వ్లాస్తా ఒక కార్డు రాసింది: ఆదివారం మధ్యాహ్నం గంటలు మోగాక స్తంభం దగ్గర ఉంటాను, నువ్వు రాకపోతే ఇక రాయను.

రాద్మిలా గంటలు మోగకముందే వెళ్ళి పునీత రోక్ విగ్రహం దగ్గర, ఆయన కాళ్ళ దగ్గరి రాతి కుక్క పక్కన నిలబడింది. స్తంభం దగ్గర అంటే ఆ కుక్క దగ్గరేనని లోకమంతటికీ తెలుసని ఆమె నమ్మకం. గంటలు మోగాయి. చెల్లెలు రాలేదు. హ్రూబెక్ గారు వచ్చారు.

"రాద్మిలా, ఇక్కడ ఎండ మంచిది కాదు. ఫ్లోరియాన్ వైపు వెళ్ళు."

"ఎండెక్కడుందండీ? మబ్బు పట్టింది కదా!"

"అదే చెప్తున్నా. మబ్బు చాటు ఎండ మరీ ప్రమాదం."

"ఈ ఒక్కరోజూ నన్ను వదిలేయండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన వెళ్ళి, ఈసారి మరింత వేగంగా తిరిగివచ్చారు. "ఈ కుక్క చెవి వదులైంది. నెత్తిన పడుతుంది."

"పడనివ్వండి!"

మూడోసారి ఆయన వచ్చేసరికి రాద్మిలా కళ్ళు తుడుచుకుని, పెదవులు బిగించి ఇంటిదారి పట్టింది. హ్రూబెక్ గారు టోపీ చేత్తో పట్టుకుని ఆమె వెంట పరుగెత్తారు.

"ఆగవే తల్లీ! అటువైపు ఒకావిడ అచ్చం నీ ముక్కే పెట్టుకుని నిన్ను తిడుతోంది!"

రాద్మిలా ఆగిపోయింది.

"'మా అక్క పొగరు తగ్గలేదు, బస్సెక్కేస్తా' అంటోంది. ఇటు రమ్మంటే గొడుగుతో పొడిచింది. మీది వంశపారంపర్యం కాబోలు."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ!"

"చెబితే మీలో ఒకరు వెతుక్కుంటూ వెళ్ళినట్టవుతుంది. పంతం పట్టినవాళ్ళకు అది కష్టం. పావురాల వల్లో ఎండ వల్లో జరిగి ఎదురుపడితే ఎవరూ తగ్గినట్టు కాదు."

సణుక్కుంటూ కదిలిన పిల్లలందరూ రాద్మిలాకు ఒక్కసారిగా గుర్తొచ్చారు. "అయితే ఇన్నేళ్ళూ..."

"ఒకప్పుడు నేను సెబాస్టియన్ దగ్గర, ఒకమ్మాయి ఫ్లోరియాన్ దగ్గర పొద్దుగుంకేదాకా నిలబడ్డాం. ఆవిడ వెళ్ళి స్టేషన్ మాస్టర్ని చేసుకుంది. తర్వాత ఒకరోజు ఆవిడ ఆయన మీద అరుస్తుంటే విన్నా." హ్రూబెక్ గారు నుదురు తుడుచుకున్నారు. "నాకు కలిసొచ్చింది. అందరికీ రాదు కదా! నడువు, బస్సు వచ్చేస్తుంది."

స్తంభం మలుపులోనే అక్కాచెల్లెళ్ళు ఎదురుపడ్డారు.

"ముందువైపు వదిలేసి వెనక నిలబడ్డావేమే?"

"ఫ్లోరియాన్ వెనకా? నీ కుక్కే వెనక!"

అరుస్తూనే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఆ చేతులు కాఫీ తాగేటప్పుడు కూడా సరిగా విడిపడలేదని, అందుకే బల్లగుడ్డ పాడైందని హోటలు ఆవిడ తర్వాత ఫిర్యాదు చేసింది.

సాయంత్రం కదులుతున్న బస్సులోంచి వ్లాస్తా కేకేసింది: "అక్కా, వచ్చే ఆదివారం, స్తంభం దగ్గర!"

"సరే!"

పక్కనే ఉన్న హ్రూబెక్ గారు కంగారుపడ్డారు. "ఏ వైపో అడుగు, ఏ వైపో అడుగు!"

"ఎందుకండీ?" అంది రాద్మిలా, చెయ్యి ఊపుతూనే. "మీరున్నారుగా."