వేరే అమ్మాయి చుడీదార్‌లో

వరద తీశాక సాయానికని ఒక కోస్తా నగరానికి మా భిలాయి చర్చి నుంచి ఒక బస్సులో వెళ్లాం. నగరం పేరు రాయను. మేం పనిచేసిన వీధివాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. మాలో ఎక్కువమంది స్టీల్ ప్లాంటు ఉద్యోగుల పిల్లలం. తాతల కాలంలో ఆ కోస్తా వైపు నుంచే భిలాయి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు మావి. మమ్మల్ని తీసుకెళ్లిన రిటైర్డ్ ఫోర్‌మన్‌ని అందరం బాబాయ్ అనేవాళ్లం. నాకు తోడు భిలాయి పక్కనే చరోదా రైల్వే కాలనీలో ఉండే స్నేహితురాలు. దానికి తెలుగు కంటే హిందీ బాగా వచ్చు.

వెళ్లిన రోజే బురద ఎత్తుతూ కాలవలో జారిపడ్డాను. బ్యాగులో బట్టలు అప్పటికే వానకు తడిసి ముద్దయ్యాయి. మేం శుభ్రం చేస్తున్న ఇంటావిడ నన్ను లోపలికి పిలిచి, మేడ మీది గదిలోంచి ఒక ఆకుపచ్చ చుడీదార్ తెచ్చి ఇచ్చింది. భుజాల దగ్గర, నడుము దగ్గర కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి చూసింది.

"ఇక్కడున్నన్నాళ్లూ ఇయ్యే ఏసుకో అమ్మా. పైన ఇంకా ఉన్నాయి," అంది.

ఆ మర్నాటి నుంచే వీధిలో ఏదో తేడాగా అనిపించేది. నేను గుమ్మం దాటితే మాటలు ఆగిపోయేవి. ఒక నల్ల కుక్క మిగతా ఎవరి జోలికీ పోకుండా నా మడమల వెంటే నడిచేది. టీ కొట్టతను నేను అడగకుండానే చక్కెర లేని టీ చేతికి ఇవ్వబోయి, నా మొహం చూసి గ్లాసు వెనక్కి తీసుకున్నాడు. నేను టీలో చక్కెర వేసుకుంటాను. కొత్తవాళ్లం కదా, అందుకే అలా చూస్తున్నారు అనుకున్నాను.

ఆఖరి రోజు మధ్యాహ్నం సామాను బస్సులోకి ఎక్కిస్తున్నాం. సన్నగా చినుకులు. పక్కింటి ముసలావిడ నన్ను చెయ్యి పట్టుకుని గోడ పక్కకు లాగింది.

"నీకెవులూ సెప్పనేదా? ఆ బట్టలు ఆళ్ల కూతురివి. వరదొచ్చిన రోజు పన్లోకని ఎల్లింది. ఇంతవరకూ దొరకనేదు."

చినుకులు పడుతున్న చోటల్లా ఆ గుడ్డ నా ఒంటికి అతుక్కుపోతోంది. అప్పుడే అక్కడికక్కడే విప్పేయాలనిపించింది. స్నేహితురాలికి చెప్తే, "అరే, దే దే నా వాపస్, ఇచ్చెయ్! మన బట్టలు సూఖ్ గయే, ఆరిపోయాయి కదా," అంది భయంగా.

మార్చుకుందామని ఇంట్లోకి వెళ్లాను. ఆవిడ వంటింట్లో బియ్యం కడుగుతోంది. నా మొహం చూడగానే తెలిసిపోయిందనుకుంటాను.

"సెప్పేసారా?" అంది.

తల ఊపాను.

"ఆ రోజు కూడా ఇలాగే బియ్యం కడుగుతన్నాను. ఎల్లొస్తానమ్మా అంది. ఊఁ అన్నాను. తలెత్తి సూడనేదు." చేతులు చీరకు తుడుచుకుంది. "నువ్వు అలాగ ఒక్కసారి ఎల్లమ్మా. ఈసారి నాను సూస్తాను."

బట్టలు మార్చుకోకుండానే వెనక్కి తిరిగాను. గుమ్మం దగ్గర ఆగి, "వెళ్లొస్తానమ్మా" అన్నాను. గొంతు నాదే. కానీ మా ఇంట్లో నేను అనే తీరులో రాలేదు ఆ మాట.

"గొడుగు మరిసిపోకు," అందావిడ, ఎప్పుడూ అనే మాటలాగా.

నా చేతిలో గొడుగు లేదు. గేటు తీసి నడిచాను. వీధి పొడుగునా మనుషులు అరుగుల మీదికి వచ్చి నిలబడ్డారు. మగవాళ్లు కొందరు తల దించుకున్నారు. గోడల మీద నీళ్లు నిలిచిన మట్టం నా తలకంటే ఎత్తున గీతలా కనబడుతోంది. ఆ గీత కింద నేను నడుస్తున్నాను. వెనక్కి చూస్తే ఏమవుతుందో తెలియదు గాని చూడకూడదని మాత్రం తెలిసింది. నల్ల కుక్క ఈసారి నా వెనకాల కాదు, దారి తెలిసినట్టు ముందు నడిచింది. మలుపు దగ్గర నేను బస్సు వైపు తిరిగాను. అది తిరగలేదు. కాలవ వైపు పోయి, గట్టు మీద నిలబడి, నా కోసం వెనక్కి చూసింది.

బస్సులోంచి బాబాయ్ కేక పడకపోతే దాని వెంట వెళ్లి ఉండేదాన్నేమో. ఇప్పటికీ రూఢిగా చెప్పలేను.

"ఏటమ్మా, అలాగ నిలబడిపోనావు? ఎక్కు, ఎక్కు!"

ఎక్కాను. స్నేహితురాలు నా బ్యాగు తెచ్చింది. దారంతా నా పక్కన కూర్చుంది గాని, నా చెయ్యి తగలకుండా కూర్చుంది.

భిలాయి సెక్టర్ 7లో మా క్వార్టర్‌కు చేరాక జరిగిందంతా అమ్మకు చెప్పాను. అమ్మ ఆ చుడీదార్ ఉతికి, ఇస్త్రీ చేయించి, పార్సెల్ చేసి పంపేసింది. అది అందిందని చెప్పడానికి, పార్సెల్ మీది నంబరు చూసి ఆ ఇంటావిడ ఫోన్ చేసింది. ఆ తర్వాత కూడా చేస్తూనే ఉంది. నన్ను పేరు పెట్టి పిలవదు. తిన్నావా, పన్లోకి ఎల్లావా, అక్కడ వాన పడతందా అని అడుగుతుంది. తిన్నాను, వెళ్లాను అంటాను.

మొన్న నేను స్నానం చేస్తుంటే ఫోన్ మోగింది. అమ్మ ఎత్తింది. నేను బయటికి వచ్చేసరికి పెట్టేసింది. ఫోన్ చేతిలోనే ఉంది.

"ఏటందమ్మా?" అన్నాను.

"'మా అమ్మాయి ఎలాగుంది' అనడిగింది."

"నువ్వేటన్నావు?"

అమ్మ నా తడి జుట్టు వైపు కాసేపు చూసింది.

"బాగుందని సెప్పాను," అంది.