రెగ్యులేటర్ కింద రంగు

మేడ్చల్‌లో నాకు చిన్న షాపుంది. ట్రాక్టర్లకు కరెంటు పని చేస్తాను. దయ్యాలు గియ్యాలు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కంటికి కనపడనివాటిలో నేను నమ్మేది ఒక్క కరెంటునే, అది కూడా బల్బు వెలిగితేనే. అలాంటి నేను ఇది చెప్పాల్సి రావడం నాకే సిగ్గుగా ఉంది.

శామీర్‌పేట్ దగ్గర అంజమ్మక్కకు ఒక ముసలి ట్రాక్టర్ ఉంది. భర్త యాదగిరి పోయాక తనే నడుపుతూ, ఊళ్ళోవాళ్ళ పొలాలు దున్ని బతుకుతోంది. సరిగ్గా నాట్ల ముందు బ్యాటరీ చార్జింగ్ ఎక్కడం మానేసింది. రోజూ నలుగురు తోస్తే తప్ప బండి కదలదు. మరిది మల్లేశ్ విసిగిపోయి తుక్కు బేరం పెట్టాడు. కొనేవాడు నేను వెళ్ళిన రోజు మధ్యాహ్నమే వస్తున్నాడు.

"గిది పోతే నేను కూలికి వోవుడే తమ్మీ, జర మంచిగ జూడు" అని చెప్పి అక్క చాయ్ తేవడానికి ఇంటికి వెళ్ళింది.

నా బ్యాటరీ తగిలించి ఇంజన్ స్టార్ట్ చేశాను. మల్లేశ్‌ను సీట్లో కూర్చోబెట్టి, రేస్ ఇస్తూ చార్జింగ్ మీటర్ సూది చూడమన్నాను. నేను ముందు బానెట్ దగ్గర వంగి ఉన్నాను, నాకు మీటర్ కనపడదు. డైనమో వైరుకు బల్బు పెడితే భేషుగ్గా వెలిగింది, అంటే కరెంటు పుడుతోంది. ఆ కరెంటును బ్యాటరీకి పంపే రెగ్యులేటర్ కొత్తది మార్చాను. అయినా సూది కదల్లేదని మల్లేశ్ అన్నాడు. నా బుర్ర వేడెక్కింది.

కాసేపటికి సీటు వైపు నుంచి మాట వినిపించింది. "రెగ్యులేటర్ కింద రంగు గీకు తమ్మీ. ఎర్తు దొరుకుతలేదు."

నిజమే. ఎర్తు కోసం రెగ్యులేటర్ బండి ఇనుముకు తగలాల్సిన చోట మందంగా ఎర్ర రంగు ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకి మళ్ళీ బిగించాను. రేస్ పెంచమంటే ఇంజన్ మోత పెరిగింది. సూది ఎటుందని అడిగాను.

"ఎక్కుతాంది."

సంతోషంగా తలెత్తాను. సీట్లో ఎవరూ లేరు.

మల్లేశ్ దూరంగా రోడ్డు మీద తుక్కు వ్యాన్ పక్కన ఉన్నాడు. వ్యాన్ కనపడగానే సీటు దిగి వెళ్ళిపోయాడట. "నేనాడ లేనన్నా, ఎప్పుడో వచ్చిన" అన్నాడు. అతను నాకంటే చిన్నవాడు, నన్ను తమ్మీ అని ఎందుకంటాడు?

ఇంతలో అక్క చాయ్ తెచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె గ్లాసులు కింద పెట్టింది.

"గా రంగు ఆయన పోయినంకనే ఏయించిన. దసరా పూజకు బండి మంచిగుండాలని. ఆయనకెట్ల ఎరుక?"

 భయపడ్డానని ఒప్పుకుంటాను. ఆమె మాత్రం భయపడలేదు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "ఇంకేమన్నడు తమ్మీ? నన్నడిగిండా?"

లేదక్కా, రంగు సంగతి, సూది సంగతే చెప్పిండన్నాను.

ఇంజన్ మోతంటారా, రేస్ పిడి దానంతటది జారి ఉండొచ్చు, పాత బండ్లలో అవుతుంది. ఆ మాటలు ఎక్కడివో మాత్రం నేటికీ చెప్పలేను. చాలాసార్లు ఆలోచించాను, ఏమీ తేలలేదు.

అక్క వ్యాన్‌ను వెనక్కి పంపింది. ట్రాక్టర్ ఎక్కి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆయనెప్పుడూ గంతే. మొదలు బండినే అర్సుకుంటడు" అని పొలానికి వెళ్ళిపోయింది.