కరెంటు పోయినా పని ఆగదు

మొన్న మా కోడలు ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్‌లో తన ఆఫీసు వాళ్లతో మాట్లాడుతుండగా, ఈ మధ్య ఎన్నడూ పోని కరెంటు ఒక్క నిమిషం పోయి వచ్చింది. ఆ ఒక్క నిమిషానికే బల్ల కింద ఉన్న యూపీఎస్ కీచుమని ఒకసారి అరిచి ఆగిపోయింది, దానితో పాటు కంప్యూటరూ చీకటైపోయింది. మేమున్నది భూపాలపల్లిలో, మేడ ఎక్కితే కరెంటు తయారుచేసే ఫ్యాక్టరీ పొగగొట్టం కళ్లెదురుగా కనబడుతుంది. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా పెద్దలు. మర్నాడు మెకానిక్ వచ్చి, బల్ల కిందికి వంగి, యూపీఎస్ మీద మడతలు పెట్టి కప్పి ఉన్న బొంతను బయటికి లాగి, "దీని మీద బొంత ఎవరు కప్పిండ్రమ్మా" అని అడిగాడు. నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. గింజ గిన్నెలో పడలేదు, చేతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే ఆ ప్రశ్నను నేను ఒకప్పుడు వేరే ఇంట్లో, వేరే తలుపు వెనక నిలబడి విన్నాను, మాటలు కూడా దాదాపు అవే.

మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు గాని, కంప్యూటర్ అంటే మనకు మొదట్లో దేవుడిగది వంటిది. మాది రఘునాథపల్లి దగ్గర ఊరు. డిగ్రీ అయ్యాక రోజూ బస్సెక్కి జనగామకు పోయి, ఒక మేడ మీద కంప్యూటర్ నేర్చుకునేదాన్ని. గది బయట చెప్పులు విడిచి, కాళ్లు తుడుచుకుని లోపలికి పోవాలి. దుమ్ము పడితే మిషను పాడవుతుందట. సాయంత్రం పోయేముందు ఒక్కొక్క మిషనుకూ కుచ్చుల కవరు తొడిగి, ముసుగు సరిచేసి మరీ పోవాలి. అక్కడ నేర్చుకున్న విద్యలో సగం నాకిప్పుడు గుర్తు లేదు, ఆ ముసుగు తొడగడం మాత్రం చేతికి ఉండిపోయింది.

పెళ్లై మానుకోట అవతల, నర్సింహులపేట మండలంలోని ఒక ఊరికి కాపురానికి వచ్చాను. రికార్డుల్లో మహబూబాబాద్ అని ఉన్నా మా నోట మానుకోటే. మా వారు నా ఉబలాటం చూసి ఒక కంప్యూటర్, ప్రింటర్, యూపీఎస్ తెచ్చి ముందుగదిలో పెట్టించారు. లగ్గపత్రికలు, బడి కాగితాలు, పొలం దరఖాస్తులు, ఏవి కావలసినా మానుకోట దాకా పోకుండా మా ఇంటికే వచ్చేవారు. కరెంటు అప్పుడు వచ్చేదెప్పుడో పోయేదెప్పుడో దానికే తెలియదు. పోయినప్పుడల్లా యూపీఎస్ కుయ్ కుయ్ అని కూస్తుంటే, చేస్తున్నది దాచుకుని మిషను ఆపుకోవడానికి కాస్త వ్యవధి దొరికేది. అది ఉన్నదే అందుకు, పని నడపడానికి కాదు, పని సర్దుకోవడానికి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా గోడల మీద రాతలు రాసే అతన్ని పిలిచి రేకు బోర్డు రాయించి వాకిట్లో వేలాడదీశాను: "ఇచట కంప్యూటర్ పనులు చేయబడును. కరెంటు పోయినా పని ఆగదు." ఊళ్లో అలాంటి బోర్డు ఇంకెవరికి ఉంది చెప్పండి. వచ్చేపోయేవాళ్లు నిలబడి చదువుతుంటే కిటికీలోంచి చూసి మురిసిపోయేదాన్ని.

మా అత్తమ్మకు చదువు రాదు. కాని నేను రోజూ మిషనుకు ముసుగు తొడగడం చూసి, దుమ్ముకు అని నేనే చెబితే, కింద ఉన్న డబ్బాకు ముసుగు లేదేమని బెంగపెట్టుకుంది. అది కూసినప్పుడల్లా లేగదూడ అరిచినంత పరేషాన్ అయ్యేది. ఆ చలికాలం తన పాత చీరలు కుట్టి చేసిన బొంతను నాలుగు మడతలు పెట్టి దానికి కప్పింది. "దానిది సుత పాణమే గద బిడ్డా" అంది. నవ్వొచ్చింది, ముద్దొచ్చింది, ఊరుకున్నాను. చలి పోయింది, ఎండాకాలం వచ్చిపోయింది, బొంత మాత్రం డబ్బా మీదే ఉంది. కప్పి ఉంటే కూత కూడా మెల్లగా వినబడేది, అదీ ఒక సుఖమే అనుకున్నాను. బ్యాటరీకి వేడి ఎంత చేటో అప్పటికి నాకూ తెలియదు.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు సర్పంచి ఎన్నికలు వచ్చాయి. మా బావగారు నిలబడ్డారు. ఆయన మా మామగారి తర్వాత ఇంటికి పెద్ద. ఊళ్లో ఎవరి పంచాయితీ అయినా తన పని విడిచి పోయేవారు. సర్పంచి కావాలన్నది ఆయనకు ఎన్నాళ్ల కోరికో, ఇంట్లో అందరికీ తెలుసు. ప్రచారానికి ఆఖరి సాయంత్రం మా వాకిట్లోనే మీటింగు పెట్టారు. మైకుసెట్టు వచ్చింది, రెండు పెద్ద బల్బులు కట్టారు, ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. మీటింగు నడుమ కరెంటు పోతే ఎలా అన్నది ఒక్కటే దిగులు, జనరేటర్ తెస్తానన్నవాడు రాలేదు.

ఇక్కడ మా ఇళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. బావగారు మరదలితో ఎదురుగా మాట్లాడరు, తమ్ముడి భార్య అంటే అంత మర్యాద. ఏం అడగాలన్నా నడుమ అత్తమ్మ ఉండాలి. ఆయన వాకిట్లో నిలబడి, "అవ్వా, మైకుకు గా డబ్బా ఆగుతదా అడుగు" అన్నారు. అత్తమ్మ తలుపు దగ్గరికి వచ్చి అదే మాట నాకు చెప్పింది. మా దిక్కు తాడు ఆగుతదా, కొమ్మ ఆగుతదా అంటే బరువు మోస్తుందా అని. నేను తలుపు వెనక నుంచి, "మైకుకు ఆగదు అత్తమ్మా" అన్నాను. అత్తమ్మ పోయి, "ఆగదట కొడుకా" అని చెప్పింది. మైకు అన్న మాట నడుమ ఎక్కడ జారిపోయిందో మరి. బావగారు తలెత్తి నా బోర్డు వైపు చూశారు. కరెంటు పోయినా పని ఆగదు. ఆగదంటే మోయదని కాక, ఆగిపోదని అర్థం చేసుకున్నారు, ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇగ పరవా లేదు, గుంజుర్రి వైరు" అన్నారు మైకతనితో.

మైకు వైరు ముందుగదిలోకి వచ్చి, నా కళ్లముందే డబ్బాకు తగులుకుంది, దాని వెంట బల్బుల వైరు కూడా. అప్పుడైనా అడుగు బయట పెట్టి వద్దు అనవచ్చు. మగవాళ్లంతా ఉన్న వాకిట్లోకి ఎలా పోను అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. ఊరందరి ముందు నా డబ్బా నిలబడుతుందేమో, బోర్డు నిజమవుతుందేమో అన్న ఆశ మిగిలిన సగం.

బావగారు బాగా మాట్లాడుతున్నారు. చెరువు తూము గురించి, బడికి గోడ గురించి చెప్పి, "నేను గెలిచినా ఓడినా మీ మాట మీద నిలబడేటోన్ని" అంటుండగా కరెంటు పోయింది. ఊరంతా చీకటి, మా వాకిలి మాత్రం వెలుగు. ఆయన గొంతు మైకులో అలాగే వినబడుతుంటే జనం ఆహా అన్నారు. నా గుండె ఎంత ఉప్పొంగిందో ఇప్పటికీ గుర్తు. ఆ పొంగు చల్లారకముందే బొంత కింద నుంచి ఒకే పొడుగు కూత, ఆ తర్వాత చీకటి. గొంతూ లేదు, బల్బూ లేదు. వెనక నుంచి ఎవరో, "బోర్డు మీదనే రాసిండ్రు గదనే, ఆగదని" అన్నారు. అంతే, ఊరు ఊరంతా కడుపు పట్టుకుని నవ్వింది. బావగారు మైకు లేకుండా ఇంకేదో చెప్పబోయారు గాని ఎవరూ వినిపించుకోలేదు.

ఆయన ఓడిపోయారు. ఓడడానికి వేరే కారణాలు లేకపోలేదు, అవి వేళ్ల మీద చెప్పగలను. కాని ఊరికి అవేవీ అక్కర్లేదు. మీటింగులోనే ఆగనోడు ఐదేండ్లు ఏం ఆగుతడు అని ఆ రాత్రికే మాట పుట్టి, ఓట్ల నాటికి ఇంటింటికీ చేరింది.

తర్వాత మానుకోట నుంచి మెకానిక్ వచ్చి డబ్బా విప్పితే, బ్యాటరీ పూరీలాగా ఉబ్బి ఉంది. ఓడిన బాధలో ఉన్న మగవాళ్లంతా చుట్టూ ఉన్నారు. బొంత చూసి అతను ఎవరు కప్పారని అడిగాడు. అత్తమ్మ ఏమాత్రం తడుముకోకుండా, "నేనే కప్పిన నాయినా, చలికి" అంది. ముందు అతను నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. బావగారు ఒక్కరే నవ్వకుండా లేచి బయటికి పోయారు. మైకు సంగతి, బల్బుల సంగతి, బోర్డు సంగతి ఆ నవ్వులో కొట్టుకుపోయాయి. మంచి బ్యాటరీ అయినా అంత బరువుకు ఎంతోసేపు నిలబడేది కాదని ఆ గదిలో నాకూ మెకానిక్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. అతన్ని ఎవరూ అడగలేదు, నేను నోరు విప్పలేదు. తలుపు వెనక నిలబడి అమ్మయ్య అనుకున్నాను. ఇన్నేళ్లుగా నన్ను కాల్చేది ఆ అమ్మయ్య ఒక్కటే.

సర్పంచి కావలసిన కొడుకుకు బొంత కప్పిందని ఊళ్లో ఆడవాళ్లు బావి దగ్గర ఆమెను ఎన్నాళ్లో ఆటపట్టించారు. ఆమె కూడా నవ్వేది. కాని ఆ తర్వాత ఎన్నడూ ముందుగదిలో అడుగుపెట్టలేదు. నాకు చాయ్ తెచ్చినా గడప అవతలే నిలబడి, "తీసుకో బిడ్డా, నేను ముట్ట" అనేది. అదేంది అత్తమ్మా రండి అంటే వచ్చేదేమో. అనలేదు, ముఖం చూడడానికే సిగ్గయ్యేది. బోర్డు మాత్రం మరుసటి వారమే దింపేసి, కోళ్లగూటి మీద మూతగా వేశాను. అత్తమ్మ పోయేటప్పటికి కూడా కొడుకు ఓటమి తన చేతివల్లేనని అనుకుంటూనే పోయింది. ఆ బొంత నా వంతుకు వచ్చింది.

మరి ఆ బొంతనే నేను ఇక్కడ యూపీఎస్ మీద ఎందుకు కప్పానంటే ఏం చెప్పను. కిటికీలోంచి బొగ్గు దుమ్ము పడుతుంటే చేయి దానంతట అదే కప్పింది. జనగామలో నేర్చిన ముసుగు కదా. ఇదివరకు కరెంటు రోజూ పోయేది కనుక బ్యాటరీ ఎట్లున్నదో రోజూ తెలిసేది. ఇప్పుడు పోదు, అది లోపల ఎప్పుడు చచ్చిందో ఎవరికీ తెలియదు.

వంటింట్లో గింజ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మా కోడలు, ఆ బొంతను ఏనాడూ ముట్టని పిల్ల, "నేనే కప్పిన అన్నా, దుమ్ము పడుతదని" అంది. నేను వింటున్నానని ఆమెకు తెలుసు. ఈసారి ఆగలేక గది దాకా పోయి, "ఆమె కాదు, నేను కప్పిన" అన్నాను. మెకానిక్ తల కూడా ఎత్తలేదు. "ఎవరు కప్పితేంది అమ్మా, దానికి గాలాడలే" అని స్క్రూలు బిగించుకుంటూ పోయాడు. కోడలు మాత్రం ఇంత చిన్నదానికి తన అత్తమ్మ కళ్లెందుకు తుడుచుకుంటున్నదో తెలియక నా చేయి పట్టుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో మాటకు నడుమ మనిషి అక్కర్లేదు. మా కోడలు పెద్దమామకు, అదే మా బావగారికి, తానే ఫోన్ చేస్తుంది, గంటసేపు నవ్విస్తుంది. ఆయన కూడా ముసలితనానికి మెత్తబడి, ఏనాడైనా నాతో మాట్లాడాలనుకుంటే నేరుగానే మాట్లాడుతున్నారు. తలుపు వెనక నిలబడే రోజులు పోయాయి, మంచికే పోయాయి. బొంతను ఉతికి మేడ మీద ఆరేశాను. నేను కప్పిన, నా తప్పు అనే ఆ చిన్న మాట నోటికి రానే వచ్చింది గాని, వినవలసిన మనిషి గడప అవతల చాయ్ పట్టుకుని నిలబడి నిలబడి ఎప్పుడో పోయింది. నేను దాన్ని ఒక మెకానిక్‌కు చెప్పుకున్నాను.