ముడుపు కట్టిన గోళీలు

దయ్యాలు, మహిమలు అంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. పొద్దస్తమానం అద్దాల మీద వేలిముద్రలు వెతికేదాన్ని, ఇలాంటివి నమ్ముతానా? అయినా మా ఇంట్లో జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మాది పాల్మాకుల. ఇంట్లో ముగ్గురమే: బాపు, అమ్మ, నేను. పోయినేడాది బాపు పొలంలో ఊరికే అలసిపోతుంటే రక్తపరీక్ష చేయించాం. తెల్లకణాలు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లున్నాయి. ఇన్‌ఫెక్షనేమో, మందులతో తగ్గుతుందిలే అనుకున్నాను. పెద్ద దవాఖానలో రక్త క్యాన్సర్ అని తేల్చారు.

డాక్టరమ్మ మాత్రం ధైర్యం చెప్పింది. ఈ రకానికి రోజూ ఒక గోళీ, అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో. అది పనిచేయకపోతే వేరే గోళీలున్నాయి, ఆఖరికి ఎముక మూలుగ మార్పిడి. "తగ్గిందని సొంతంగా మాత్రం ఆపొద్దు" అంది.

నాలుగు నెలల్లో తెల్లకణాల కౌంట్ మామూలుకొచ్చింది. మావాళ్లు ఆ చివరి మాట గాలికొదిలేశారు. మైసమ్మే తగ్గించిందని అమ్మ మిగిలిన గోళీల అట్టలన్నీ పసుపుగుడ్డలో కట్టి, ముడి మీద తడిపసుపు మెత్తి, దేవుడి అర్రలో ముడుపు వేలాడదీసింది. బోనాల నాడు గుడిలో అప్పజెప్పేదాకా దాన్ని ఎవరూ విప్పకూడదు.

"కౌంట్ సక్కగైంది గద బిడ్డా, ఇగ గోళీలెందుకు?" అన్నాడు బాపు. కొత్తవి తెస్తే పారేస్తానన్నాడు. ఎంత మొత్తుకున్నా వినలేదు. మూడు వారాలు నాకు కంటి మీద కునుకు లేదు.

ఒకరోజు పొద్దటి డ్యూటీ దిగి మధ్యాహ్నం ఇంటికొచ్చాను. గడప బయట చెప్పులు విప్పుతున్నాను. పెరట్లో అమ్మ బాపు చేతుల మీద నీళ్లు పోస్తోంది. ఇద్దరూ లోపలికి రాగానే అమ్మ కేక పెట్టింది. బాపు తిన్న కంచం పక్కన నిండు గ్లాసు నీళ్లు, దాని పక్కన ఒక గోళీ.

"కోపముంటే నాతోని కొట్లాడు, అమ్మవారి ముడుపు విప్పుతవా?" అని నా మీద విరుచుకుపడింది. నేనా! నేనింకా గడపే దాటలేదు.

ముగ్గురం దేవుడి అర్రలోకి పోయాం. ముడుపు వేలాడుతూనే ఉంది. ముడి మీద ఎండిన పసుపు ఒక్క చోటైనా బీటలు వారలేదు. అమ్మే లెంపలేసుకుని విప్పింది. ఒక అట్టలో ఒక గుంట ఖాళీ.

"నిండు అట్టలే కట్టిన బిడ్డా" అంది.

బాపు తిరిగి కంచం దగ్గరికి పోయాడు. గోళీ నోట్లో వేసుకుని గ్లాసెత్తి గటగటా తాగాడు.

మర్నాడు పరీక్ష చేయిస్తే కౌంట్ మళ్లీ పెరగడం మొదలైందని తెలిసింది. డాక్టరమ్మ ముగ్గురినీ కలిపి దులిపేసింది. తొందరగా వచ్చారు కాబట్టి ఆ గోళీయే చాలంది. ఇప్పుడు కౌంట్ మళ్లీ దిగింది. బాపు టమాట నారు పోస్తున్నాడు.

అమ్మ మైసమ్మేనంటుంది. నేను ఎన్ని రకాలుగా ఆలోచించినా ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఎవరైతేనేం, నాలాగే వాళ్లకీ మా బాపు బతకాలని ఉంది.