అణు షెడ్డు నుంచి గాలి షెడ్డుకు

మొన్న ముత్తంగి దగ్గర మా బస్సు ఆగిపోయింది. ముందు ఒక పొడవాటి ట్రైలర్ లారీ రింగు రోడ్డు వైపు తిరగలేక రోడ్డుకు అడ్డంగా నిలబడింది. దాని మీద గాలిమర స్తంభం ముక్క ఒకటి ఉంది. తెల్లటి ఇనుప గొట్టం, లోపల మనిషి నిటారుగా నడిచేంత పెద్దది. రెండు మూతులకూ టార్పాలిన్ బిగించి కట్టారు. రంగు ఈమధ్యే వేసినట్టుంది, థిన్నర్ వాసన కిటికీలోంచి గుప్పుమని వచ్చింది. పక్క సీట్లో పెద్దాయన మెచ్చుకోలుగా చూస్తూ, "గాలి కరెంటు మంచిదమ్మా. అణు కరెంటు లెక్క కాదు. ఎవల పానానికి ఏం గాదు," అన్నాడు. నేను చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఆయనకు జవాబు చెప్పాలంటే బాలయ్య సారు సంగతి మొదటి నుంచీ చెప్పాలి. బస్సులో అంతసేపు ఎవరు వింటారు? అందుకే ఇక్కడ రాస్తున్నాను.

డిప్లొమా అయ్యాక నేను చేరింది పటాన్‌చెరు దగ్గరి ఒక పెద్ద ఇంజినీరింగ్ కంపెనీలో. అక్కడ పక్కపక్కనే రెండు షెడ్లు ఉండేవి. ఒకదాంట్లో అణు విద్యుత్ కేంద్రాలకు వెళ్ళే, మనిషి దూరేంత ఉక్కు పాత్రలూ పైపులూ, రెండోదాంట్లో గాలిమర స్తంభాలూ తయారయ్యేవి. పనివాళ్ళు వాటిని అణు షెడ్డు, గాలి షెడ్డు అనేవాళ్ళు. అణు షెడ్డులోకి పోవాలంటే చెప్పులు బయట విడవాలి, కాళ్ళకు గుడ్డ తొడుగులు వేసుకోవాలి, తెల్ల గ్లౌజులు తొడుక్కోవాలి. ఉక్కుకు ఇసుమంత మురికి అంటినా ఆ పాత్ర పనికిరాదు. గాలి షెడ్డులో అయితే ఎవడి చెప్పులు వాడివి, ఎవడి తొందర వాడిది. అణు షెడ్డుకు ఇన్‌చార్జి బాలయ్య సారు. గుమ్మడిదల దగ్గరి పల్లెటూరి రైతు బిడ్డ, ఫిట్టరుగా చేరి అంతవాడయ్యాడు. నాకు మొదటి బాస్ ఆయనే.

చేరిన కొత్తలో ఒక పాత్ర లోపల కొలత తీసుకోవడానికి ఎవరికీ చెప్పకుండా దూరాను. బయటికి వచ్చేసరికి సారు ఎదురుగా ఉన్నాడు. "ఎవలికి చెప్పి పోయినవ్?" అన్నాడు. "రెండు నిమిషాలే కదా సార్," అన్నాను. "పానం పోనీకి రెండు నిమిషాలు శానా ఎక్కువ బిడ్డా," అన్నాడు. అరిస్తే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. మెల్లగా అన్నాడు కాబట్టి విన్నాను. అలాంటి మూసిన చోట గాలి ఆడక మనిషి సొమ్మసిల్లిపోవచ్చని ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. లోపలికి ఒక మనిషి పోతే మూతి దగ్గర ఇంకో మనిషి నిలబడాలి. ఉండి ఉండి పేరు పెట్టి పిలుస్తూ ఉండాలి. లోపలివాడు "ఉన్న" అనాలి. అనకపోతే షెడ్డంతా ఆగిపోవాలి.

ఒకసారి క్యాంటీన్ మెట్ల మీద చాయ్ తాగుతూ, అణు కరెంటు గొప్పదా, గాలి కరెంటు గొప్పదా అని అడిగాను. ఆయన చదువు పుస్తకాల జోలికి పోలేదు. "అణుది బోరు కింద మడి. రాత్రనక పగలనక పారుతనే ఉంటది. ఒక్క కేంద్రం ఇచ్చే కరెంటు కావాలంటే గాలిమరలు వందలు నిలబెట్టాలె. గాలిది వాన మీది చెల్క. గాలొస్తె పంట, రాకుంటె ఎదురుసూపు. అట్లని చెల్కను ఎవడన్న ఇడిసిపెడ్తడా? రెండు గావాలె," అన్నాడు. మరి ప్రమాదం సంగతేమిటి అన్నాను. గ్లాసు కింద పెట్టాడు. "అణు కాడ పెద్ద తప్పయితె ఊర్లకు ఊర్లే ఖాళీ చెయ్యాలె. మల్ల ఎన్నేండ్లకు వస్తరో తెల్వది. గది అబద్ధం గాదు. గా భయంతోనే అందరు ఒళ్ళు దగ్గర పెట్టుకోని పని చేస్తరు. గాలి కాడ తప్పయితె ఒక్కడు పోతడు. ఒక్కడే గద అని ఎవలు భయపడరు. మా ఊరికి మందుల కంపెనీ వచ్చిన్నాడు డప్పులు కొట్టినం. ఇప్పుడు మా బాయి నీళ్ళు బర్రె సుత ముట్టది. మనం భయపడేది ఒకటి, మనల్ని మింగేది ఇంకొకటి," అన్నాడు.

ఇంత తెలిసిన మనిషి ఇంట్లో ఓడిపోయాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, మా సారు రచ్చలో మాత్రమే గెలిచాడు.

ఆయన అల్లుడు శ్రీశైలం అదే అణు షెడ్డులో వెల్డరు. మామా అల్లుళ్ళు ఒకే బండి మీద వచ్చేవాళ్ళు. శ్రీశైలం నవ్వితే ఆ చివరి మిషను దాకా వినిపించేది. పెళ్ళయి నాలుగేళ్ళయినా సారు కూతురు సుజాతకు పిల్లలు కాలేదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవాని అమ్మవారికి మొక్కుకుని మేకను కోసి నన్నూ భోజనానికి పిలిచారు. విస్తళ్ళు వేశాక సారు భార్య అంజమ్మ మాట ఎత్తింది. "గా అణు షెడ్డుల పని జేస్తె మొగోళ్ళకు పిల్లలు గారంట. అల్లున్ని గాలి షెడ్డుకు మార్పియ్యరాదు?"

"ఎవడన్నడే? ఆడ గసుంటిదేం లేదు. ఉత్త ఇనుమే," అన్నాడు సారు.

"ఉత్త ఇనుమైతె చెప్పులెందుకు ఇడిపిస్తరు? చేతులకు గా తొడుగులెందుకు?"

విస్తళ్ళ ముందు కూర్చున్న చుట్టాలంతా అవునంటే అవునన్నారు. ఆ తొడుగులు మనిషి కోసం కాదని, ఉక్కుకు మురికి అంటకుండా అని నాకు తెలుసు, శ్రీశైలానికి తెలుసు, అందరికంటే ఎక్కువ సారుకు తెలుసు. ఆ షెడ్డులో అణువుకు సంబంధించిన సరుకు చిటికెడు కూడా ఉండదు. సారు ఒకటి రెండు సార్లు నచ్చజెప్పబోయాడు. సుజాత తల వంచుకుని కూర్చుంది. ఆ పిల్ల ముఖం చూశాక ఆయన గొంతు తగ్గిపోయింది. "సరే తియ్, మారుస్త. మీ మనసుల అది ఎందుకుండాలె," అని నవ్వేశాడు.

శ్రీశైలం గాలి షెడ్డుకు మారాడు. కొన్ని నెలలకే సుజాత నీళ్ళోసుకుంది. అంజమ్మ మురిసిపోయి షెడ్డులో అందరికీ పంచమని లడ్డూలు పంపింది. "సూసినవా, నేను జెప్పలే?" అన్నదట. సారు ఆ మాట నాకు చెప్పి, తన లడ్డూ తను తిని, చేతులు కడుక్కుని పనిలో పడ్డాడు. మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం రోజూ గాలి షెడ్డు వైపు ఒకసారి వెళ్ళి వచ్చేవాడు.

అది ఎండాకాలం. గొట్టాల లోపల రంగులు వేసే కాంట్రాక్టు మనుషులు ఆ రోజు రాలేదు. సరుకు సాయంత్రానికల్లా వెళ్ళిపోవాలని వెల్డర్లకే బ్రష్షులిచ్చి లోపలికి పంపారు. బయట దుమ్ము గాలి లేచింది. తడి రంగు మీద దుమ్ము పడుతుందని రెండు మూతులకూ టార్పాలిన్ కట్టారు, అదే కారణంతో లోపలికి గాలి కొట్టే ఫ్యాను కూడా ఆపేశారు. ఒక గొట్టంలో శ్రీశైలం ఒక్కడే ఉన్నాడు, లోపలంతా థిన్నర్ ఆవిరి. ఆ షెడ్డులో మూతి దగ్గర నిలబడి పిలిచే పద్ధతి లేదు. భోజనానికి రాలేదేమని సారే వెతుక్కుంటూ వెళ్ళి టార్పాలిన్ విప్పాడు. అరుపు విని పరుగెత్తాను. సారు లోపల మోకాళ్ళ మీద కూర్చుని, "శ్రీశైలం, శ్రీశైలం" అని పిలుస్తూనే ఉన్నాడు. ఇద్దరినీ బయటికి లాగాం. ఒక్కరే బతికారు.

కంపెనీ విచారణలో, శ్రీశైలం చెప్పకుండా తనంతట తానే లోపలికి వెళ్ళాడని రాసుకోబోయారు. సారు లేచి నిలబడ్డాడు. "మీరే పంపిన్రు సార్. గా షెడ్డుకు మాత్రం నేను పంపిన. రెండు రాసుకోండ్రి," అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ తర్వాత వారంలోనే కొత్త ఫ్యాన్లు వచ్చాయి. రేకుల మీద ఎర్రటి హెచ్చరికలు వెలిశాయి. పేపర్లో చిన్న ముక్క కూడా రాలేదు. అణు షెడ్డులో ఎవరికైనా వేలు తెగి ఉంటే దేశమంతా గోల చేసేదని నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది.

దినాల రోజు వాళ్ళింటికి వెళ్ళాను. కడుపుతో ఉన్న సుజాత గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడుపు అయిపోయిన ముఖం. సారు పక్కన కూర్చోగానే అడిగింది. "నాయినా, ఆడ ఏం లేదని నీకు ఎరుకే గద. మరెందుకు చెప్పలే?"

"చెప్పిన బిడ్డా," అన్నాడు సారు. మళ్ళీ తనే అన్నాడు. "గట్టిగ చెప్పలే."

అంజమ్మ లోపలి గదిలోంచి బయటికి రాలేదు.

సారు అడిగి మరీ గాలి షెడ్డుకు బదిలీ చేయించుకుని, రిటైరయ్యే దాకా అక్కడే పని చేశాడు. ఆయన ఉన్నంత కాలం మూతి దగ్గర మనిషి లేకుండా ఆ షెడ్డులో ఎవరూ లోపలికి పోలేదు. నిరుడు పోయాడు. సుజాతకు పుట్టిన పాప ఇప్పుడు బడికి పోతోంది, నవ్వు అచ్చం వాళ్ళ నాయనదే. ఊళ్ళో మాత్రం ఇప్పటికీ, శ్రీశైలం గాలి షెడ్డుకు పోబట్టే ఆ బిడ్డ పుట్టిందని చెప్పుకుంటారు. విన్నప్పుడల్లా కాదని చెప్తాను. చెవిటివాడి ముందు శంఖమే, అయినా చెప్తాను.

ఇప్పుడు నేను వేరే కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్ని. మేనేజర్లతో గొడవ పడటం నాకు ఏనాడూ కష్టం కాలేదు. కష్టమంతా మన మీద ప్రేమతో తప్పు మాట అనే వాళ్ళతోనే. వాళ్ళ ముఖం చిన్నబోతుందని మన గొంతు తగ్గుతుంది. నేను తగ్గించడం మానేశాను. పండగ పూటయినా, పెళ్ళి విస్తరి ముందయినా, తెలిసిన మాట వాళ్ళకు ఎక్కేదాకా చెప్తాను, అన్నం చల్లారిపోయినా సరే. నేనున్న చోట శుభకార్యం చేసుకోవాలంటేనే చుట్టాలు జంకుతున్నారు. మా అత్తగారు నన్ను గయ్యాళి అని పదిమందిలో అనేసింది. అననీ. గయ్యాళితనం వల్ల ఎవరి ప్రాణమూ పోగా నేను చూడలేదు.