పిన్ని చూడమన్న సినిమాలు

రాయ్‌పూర్ పక్కన ఉర్లాలో, నేను లారీల బరువు రాసే కాటా మీదికి ఒక లారీ ఎక్కుతుండగా మా ఆవిడ ఫోన్ చేసింది. "పిన్నిగారు పోయారండీ" అంది. లారీ డ్రైవరు చీటీ కోసం కిటికీలోంచి చెయ్యి చాపాడు. బండి బరువు నా ఎదుట ఎర్రటి అంకెల్లో వెలుగుతూనే ఉంది, నేను పెన్ను కింద పెట్టేశాను. ఏమైంది భయ్యా అని అతను హిందీలో అడిగితే, ఇంట్లో మనిషి పోయింది అని చెప్పాను.

ఆమె మా ఇంటి మనిషి కాదు. చదువరులారా, ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నాకు ఆమెతో రక్తసంబంధం లేదు. బీర్‌గావ్‌లో ఉన్న మా చిన్న తెలుగు క్రైస్తవ సంఘానికంతటికీ ఆమె పిన్ని. గోదావరి వైపు నుంచి నర్సు ఉద్యోగం మీద రాయ్‌పూర్ వచ్చి, ఇక్కడే పని విరమించి, భర్తను ఇక్కడి మట్టికే అప్పగించి, మా వీధి చివర రెండు గదుల్లో ఉండేవారు. ఆమె పక్కన కూర్చుంటే డెట్టాలు వాసన వచ్చేది. ఉద్యోగం మానేసి ఏళ్ళు గడిచినా ఆ వాసన మానలేదు.

నేను పాస్టరును కాను. పదో తరగతి గట్టెక్కనివాణ్ణి. కాటా గదిలో లారీకీ లారీకీ మధ్య వాక్యం చదువుకుని, దేవుడు నోరిచ్చాడు గనుక ప్రసంగం చేస్తున్నవాణ్ణి. నా ప్రసంగంలో నిప్పు ఎక్కువని అంటారు. అనుకోనీ. చల్లారిన పొయ్యి మీద ఎవరి అన్నం ఉడికింది?

ఆ నిప్పు ఒకప్పుడు పిన్ని మీద కూడా పడింది. మాది అద్దె హాలు. ఆరాధన ముగిశాక వరండాలో చాయ్ ఇస్తారు. అక్కడ, చెప్పులు విడిచే చోట, పిన్ని ప్లాస్టిక్ కుర్చీ ఉండేది. చుట్టూ ఆడవాళ్ళు మూగేవారు. మిల్లు జీతాల మీద బతికే కుటుంబాలు. పిల్లాజెల్లాతో సినిమా హాలుకు వెళ్ళడం అంటే నెలకోసారి కూడా పడని ఖర్చు. అందుకని పిన్ని ముందు చూసి వచ్చి చెప్పాలి. హిందీదైనా సరే, ఎప్పుడైనా తెలుగుది ఒక ఆట పడినా సరే, ఆమె మాట మీదే వెళ్ళడమో మానుకోవడమో.

సినిమా బాగుందని గానీ బాగాలేదని గానీ ఆమె ఎన్నడూ అనలేదు. అది ఎవరికి పడుతుందో చెప్పేవారు, మందు రాసిచ్చినట్టు. బీపీ ఉన్నావిడతో, నీకు సెకండాఫ్ వద్దు, ఇంటర్వెల్‌లో సమోసా తిని ఆరాంగా ఇంటికొచ్చెయ్ అనేవారు. ఇంకొకావిడతో, ఇది పరగడుపున చూసేది కాదు, అన్నం తిని వెళ్ళు అనేవారు. కొత్తగా పెళ్ళైన పిల్లతో ఒకసారి అన్న మాట వరండా అంతా నవ్వించింది: "నువ్వూ మీ ఆయనా వెళ్ళండి. మీ అత్తగారిని మాత్రం తీసుకెళ్ళకు. ఆవిడకి తెర మీద ఆవిడే కనబడుద్ది."

లోపల నేను గంటసేపు గొంతు చించుకుని చెప్పిన వాక్యం, బయట చాయ్ చల్లారేలోపు మరిచిపోయేవారు. నాకు మండదా? ఒక ఆదివారం బల్ల గుద్ది చెప్పాను. దేవుని మందిరపు గడప మీదే సినిమా అంగడి తెరిచారని, అమ్మకాలు జోరుగా సాగుతున్నాయని. అందరూ పిన్ని వైపు తిరిగారు. ఆమె మాత్రం తల ఊపుతూ విన్నారు. బయటికొచ్చాక చాయ్ గ్లాసు నాకే మొదట అందించమన్నారు. అరిచినవాడికి గొంతు ఎండుతుందట.

కొన్నాళ్ళకు ప్రార్థన చేయడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె చాయ్ పోస్తున్నారు. గ్లాసులో చూపుడువేలు పెట్టి, వేడి టీ ఆ వేలికి తగలగానే పోయడం ఆపారు. నేను చూశాను. నేను చూశానని, నా మౌనాన్ని బట్టి, ఆమెకు తెలిసిపోయింది.

షుగరు కళ్ళకు ఎక్కిందట. డాక్టర్లు చేయగలిగింది చేశారట. వెలుగు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. మరి సినిమాలు ఎలా చూస్తున్నారని అడిగాను.

"వింటున్నాను నాయనా. మాటలున్నంతసేపూ బానే ఉంటది. మధ్యలో మాటలాపి ఏదో చూపిస్తారు చూడు, అప్పుడు హాలంతా గొల్లుమని నవ్వుద్ది. నేనొక్కదాన్నే నవ్వకుండా కూర్చుంటాను."

సంఘానికి చెబుదాం, అందరం కలిసి ప్రార్థిద్దాం అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టారు.

"చెప్పు. ముందు వరసలో కుర్చీ వేస్తారు. నా మీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. మంచిదే. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగరు."

నేనింత కాలంగా వాక్యం చెబుతున్నానే, ఒక మనిషికి ఉన్న భయాన్ని అంత తేటగా చెప్పిన ప్రసంగం నేను చేయలేదు. ఎవరూ ఏమీ అడగకపోవడం. ఆమెకున్న భయమల్లా అదే, చీకటంటే కాదు.

ఆ వెంటనే ఆమె అడిగింది విని నేను లేచి నిలబడ్డాను. నేను సినిమా చూసి వచ్చి తనకు చెప్పాలట.

"సినిమా హాలు గడప తొక్కనని అందరి ముందూ చెప్పినవాణ్ణి పిన్నిగారూ."

"అందుకే నిన్నడుగుతున్నా. నువ్వు చూసొచ్చావని ఎవరికీ అనుమానం రాదు."

వాక్యం నా ఒక్కడి సొత్తు అనుకునేవాణ్ణి. ఆమె మెల్లగా లేఖనం విప్పారు. వాగ్దాన దేశాన్ని వేగు చూడటానికి మనుషుల్ని పంపలేదా, వాళ్ళు ద్రాక్షగెల మోసుకొచ్చి చూపించలేదా, నువ్వూ ఒక గెల పట్రా అన్నారు. ఇది సంఘాన్ని మోసం చేయడమే కదా అన్నాను. ఐగుప్తులో మంత్రసానులు రాజుతో అబద్ధమాడే కదా పసిపిల్లల్ని బతికించింది అన్నారు. అది ప్రాణాల సంగతి అన్నాను. "ఇదీ అదేరా" అన్నారు. తను బతికున్నంత కాలం ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నారు. పోయాక నీ ఇష్టం అన్నారు.

అలా వెళ్ళాను. మిల్లు వాళ్ళెవరూ రాని చోటని ఊరి అవతలి వైపు తెలీబంధా దాటి వెళ్ళి, పనిరోజు మధ్యాహ్నం ఆటకు, టోపీ కళ్ళ మీదికి లాక్కుని కూర్చున్నాను. పాట రాగానే కళ్ళు మూసుకున్నాను. తిరిగొచ్చి చెబుతుంటే ఆమె ఆపారు, పాటలో ఏం చూపించారని. చూడలేదన్నాను.

"కళ్ళు లేనిది నాకా, నీకా?"

చెప్పడం కూడా నాకు రాలేదు. హీరో దుర్మార్గుడని చెప్పాను. ఏం చేశాడని అడిగారు. తండ్రిని ఎదిరించాడన్నాను. కూర్చుని ఎదిరించాడా, నిలబడా? తండ్రి అప్పుడేం చేస్తున్నాడు? నాకు గుర్తులేదు. తండ్రికి అవిధేయుడైన కొడుకు గతి ఏమవుతుందో చెప్పబోయాను. "మనిషి ఏం చేశాడో చెప్పు నాయనా. మంచోడో చెడ్డోడో నేను చూసుకుంటాను" అన్నారు. ఆ ఒక్క ముక్క కోసం మళ్ళీ వెళ్ళి చూశాను. ఆ తండ్రి కొడుకు చొక్కానే ఇస్త్రీ చేస్తున్నాడు. తిట్లు పడుతున్నా ఇస్త్రీ ఆపలేదు, కాలరు మడత దాకా పూర్తి చేశాడు. వచ్చి అదే చెప్పాను. ఆదివారం నాడు, కొడుకుతో మాటలు లేని ఒక తల్లిని పక్కకు పిలిచి, వాణ్ణి తీసుకుని ఈ సినిమాకి పో, ఏమీ మాట్లాడకు, చూసి రండి, బస్, అంతే అన్నారు.

నేను ఎక్కడో మారాను. ఇంటినుంచి వెళ్ళిపోయి చితికిపోయి తిరిగొచ్చిన కొడుకు ఉపమానం ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! ఎప్పుడూ ఆ కొడుకునే కాల్చేవాణ్ణి. ఒకరోజు చెబుతూ చెబుతూ ఆగిపోయాను. కొడుకు ఇంకా దూరాన ఉండగానే తండ్రి చూశాడంటే, ఆయన రోజూ ఆ దారి వైపే చూస్తూ ఉండి ఉండాలి కదా? అప్పుడాయన చేతిలో ఏముంది? ఆ ప్రశ్న అడిగి ఊరుకున్నాను. వెనకనుంచి పిన్ని గొంతు సవరించుకోవడం వినబడింది.

అయినా నేను సినిమా హాళ్ళ గురించి అన్న మాటలు వెనక్కి తీసుకోవడం లేదు. అక్కడ చెత్త చాలా చూశాను. చూసిన చెత్త కూడా ఆమెకు చెప్పాను. ఆమె అందులోంచి మెతుకులు ఏరారు. నేను చేసింది తప్పు కాదని నన్ను నేను సమాధానపరచుకోలేను. అది అబద్ధమే. ప్రతి ఆదివారం "పిన్నీ, ఏం చూశారు?" అని అడిగే ఆ నమ్మకమైన మొహాల ఎదుట నేను చాయ్ తాగుతూ నిలబడ్డాను. అదే నోటితో సత్యం గురించి ప్రసంగించాను.

చివరికి ఎవరో నన్ను సినిమా హాలు దగ్గర చూశారు. సంఘపెద్దగారు, రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, ఆరాధన తర్వాత అందరినీ కూర్చోబెట్టి అడిగారు. హాలు దగ్గర కనబడ్డావట, నిజమేనా? నిజమేనండి. ఎందుకు వెళ్ళావు? అది చెప్పలేనండి. తెరిచిన తలుపు అవతల వరండాలో, ప్లాస్టిక్ కుర్చీలో, పిన్ని అంతా వింటున్నారు. ఆమె ఒక్క మాట అంటే చాలు. అనలేదు. సంఘపెద్దగారు నన్ను ప్రసంగం నుంచి తప్పించారు.

మర్నాడు కోపంతోనే వెళ్ళాను. దాచడం దేనికి, బోలెడు కోపంతో వెళ్ళాను. ఎందుకు నోరు మెదపలేదని అడిగాను.

"నిన్ను దించినోళ్ళే మళ్ళీ ఎక్కిస్తారు నాయనా. నన్ను ఒక్కసారి మూల కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారంటే, ఇక లేపరు."

క్షమించమని అడగలేదు. ఈ శుక్రవారం ఏదో కొత్తది వచ్చిందట కదా అన్నారు. నేను వెళ్ళి చూశాను. అది విధేయతో, మొండితనమో, జాలో, ఇప్పటికీ నాకు తెలియదు. ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను.

కాలికి పుండై, అది ముదిరి ఆమెను పెద్దాసుపత్రిలో చేర్చారు. ఒక సాయంత్రం మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తలుపుకు వీపు పెట్టి, చూసొచ్చిన సినిమా చెబుతున్నాను. తల్లి ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది, కూతురు రైలు దిగడం లేదు, కిటికీలోంచి అలాగే చూస్తోంది. అక్కడిదాకా వచ్చాను.

"ఇదేంటి తమ్ముడూ, పిన్నికి నువ్వు సినిమా చెప్తున్నావా?"

తిరిగి చూస్తే సంఘపెద్దగారి భార్య. ఆమె వెనక మా సంఘపు ఆడవాళ్ళు, చేతుల్లో ఫ్లాస్కు, యాపిల్ పళ్ళ సంచీ. నేను నోరు తెరవబోయాను. పిన్ని నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"నాకు కళ్ళు కనబడవమ్మా. చాన్నాళ్ళైంది. మీకు చెప్పినవన్నీ ఈ అబ్బాయి చూసొచ్చి చెప్పినవే."

ఆ మాట అన్నాక ఆమె మొహం చూడలేక నేల చూశాను. వార్డులో ఎవరిదో దగ్గు, స్ట్రెచర్ చక్రాల చప్పుడు. సంఘపెద్దగారి భార్య ఫ్లాస్కు బల్ల మీద పెట్టారు, పైట సర్దుకున్నారు, నన్ను దాటుకుని మంచం దగ్గరికి వెళ్ళి వంగారు.

"అయితే పిన్నిగారూ, ఈ సినిమాకి మా కోడల్ని తీసుకెళ్ళొచ్చా, వద్దా?"

చూసినవాణ్ణి నేను ఎదురుగా ఉన్నాను. నన్ను అడగలేదు. పిన్ని ఆవిడ వైపు తల తిప్పారు. గొంతు నర్సు గొంతే.

"ఇంకా సగమే విన్నాను. మొత్తం విననీ. రేపు చెప్తాను."

ఆ రేపు పొద్దుటే నాకు కాటా దగ్గరికి ఫోన్ వచ్చింది.

సమాధి కార్యక్రమం అయ్యాక సంఘపెద్దగారు నన్ను పక్కకు పిలిచారు. భార్య అంతా చెప్పినట్టుంది. "అప్పుడే చెప్పొచ్చు కదయ్యా" అన్నారు. మాటిచ్చానండి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నువ్వు చేసింది మంచో చెడో నాకు పాలుపోవడం లేదు అన్నారు. నాకూ అంతేనండి అన్నాను. వచ్చే ఆదివారం ప్రసంగం నన్నే చేయమన్నారు. ఏం చెప్పాలో ఇది రాస్తున్నప్పటికి కూడా నాకు తెలియదు. వాక్యం తెరుస్తున్నాను, మూస్తున్నాను.

తెలిసింది ఒక్కటే. ఆ సాయంత్రం వార్డు గార్డు "చలో, టైం హో గయా" అంటూ మమ్మల్ని బయటికి పంపేస్తున్నప్పుడు తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాను. పిన్ని మేం వెళ్ళిపోయామనే అనుకున్నారు. కప్పు వైపు మొహం పెట్టి, పెదాలు కదుపుతూ, మా సంఘపు ఆడవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ అనుకుంటున్నారు. ఒక పేరుకు వేలు మడిచారు. ఇంకో పేరు దగ్గర ఆలోచించి, మడిచిన వేలు మళ్ళీ విప్పారు.